మాసిన వైపు మనిషి

మా నాన్న నన్ను ఎన్నడూ కొట్టలేదు. గట్టిగా ఒక మాట అన్నదీ లేదు. ఎత్తుకున్నదీ లేదు. మొదటి రెండూ చెబితే స్నేహితురాళ్ళు "నీ పని బాగుందే" అని కుళ్ళుకునేవాళ్ళు. మూడోది నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

ఆయన ముప్పై నాలుగేళ్ళు ఒక పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసి, రెండేళ్ళ కిందట రిటైరయ్యాడు. ఆ లాండ్రీ సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే మా ఇల్లు అర్థం కాదు. ఆసుపత్రి వెనక, జనరేటరు గదిని ఆనుకుని ఉండేది. లోపల రెండు గదులు, మధ్యలో గోడ. ఉతికే యంత్రాలు ఆరు, ఆ గోడలోనే బిగించి ఉండేవి. ఒక్కో యంత్రానికి రెండు తలుపులు. ఇవతలి గదివాళ్ళు మాసిన దుప్పట్లు, గౌన్లు, ఆపరేషన్ గుడ్డలు ఇవతలి తలుపులోంచి కూరతారు. ఉతకడం అయ్యాక అవతలి గదివాళ్ళు అవతలి తలుపు తెరిచి తీసుకుంటారు. ఇవతలిది మాసిన వైపు, అవతలిది ఉతికిన వైపు. మాసిన వైపు మనిషి ఉతికిన వైపు అడుగు పెట్టకూడదు. తప్పనిసరై పెట్టాలంటే తలస్నానం చేసి, ఒంటిమీది బట్టలన్నీ మార్చుకోవాలి. నాన్నది మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా మాసిన వైపే.

వార్డుల నుంచి వచ్చే సంచులు విప్పి, దేనికది వేరు చేయడం ఆయన పని. రక్తం, చీము, వాంతి, మందు మరకలు అన్నీ ఆయన చేతుల మీదుగానే పోయేవి. మడతల్లో సూదులు దొరికేవి, కత్తెరలు దొరికేవి. ఒకసారి కట్టుడు పళ్ళు దొరికితే నాన్న వార్డు వార్డూ తిరిగి వాటి యజమానిని పట్టుకున్నాడు. పళ్ళు లేక ఆ పెద్దాయన నాలుగు రోజులుగా నోరు విప్పడం లేదట. పళ్ళు తెచ్చిచ్చినందుకు వాళ్ళావిడ మాత్రం నాన్నను గుర్రుగా చూసిందట. ఈ కథ మా అమ్మ ఇప్పటికి వందసార్లు చెప్పి ఉంటుంది, ప్రతిసారీ తనే ముందు నవ్వుతుంది.

ఆ గోడను నాన్న ఇంటికి కూడా తెచ్చాడు. ఇటుకలతో కట్టలేదంతే. పెరటి తలుపులోంచి వచ్చి, స్నానం చేశాకే లోపలికి రావడం ఒక్కటే అయితే సరే అనుకోవచ్చు. ఆయన సబ్బు వేరు, తువ్వాలు వేరు, కంచం వేరు, గ్లాసు వేరు. పడక ముందు గదిలో, ఒక్కడికే. కిటికీ పక్కన ఒక చెక్క కుర్చీ, అందులో ఇంకెవరూ కూర్చోకూడదు. తన బట్టలు తనే మరగబెట్టి, తనే ఉతికి, పెరట్లో ఒక మూల విడిగా ఆరేసుకునేవాడు. ఎంత ఉక్కపోతగా ఉన్నా చొక్కా పై గుండీ దాకా పెట్టుకునేవాడు. నేను పరీక్షలో ఫస్టు వస్తే రెండడుగుల దూరంలో నిలబడి, "చాక్లెట్టు బల్ల మీద పెట్టాను, తీసుకో తల్లీ" అనేవాడు. నేను తీసుకునేదాకా బల్ల దగ్గరికి వచ్చేవాడు కాదు.

"మీ నాన్నకు చాదస్తం, నువ్వు పట్టించుకోకు" అనేది అమ్మ. నేను పట్టించుకున్నాను. పక్కింటి పిల్లను వాళ్ళ నాన్న భుజాన వేసుకుని వెళ్తుంటే గేటు పట్టుకుని చూసేదాన్ని. ఆడపిల్లనని నేనంటే ఇష్టం లేదేమో అనుకున్నాను కొన్నేళ్ళు. నల్లగా ఉన్నాననేమో అనుకున్నాను మరికొన్నేళ్ళు. తర్వాత అనుకోవడం మానేసి, కోపం పెంచుకున్నాను. అది బాగా ఏపుగా పెరిగింది.

ఇప్పుడు నాకు ముప్పై మూడేళ్ళు. కారు నడపడం నేర్పే స్కూల్లో పని. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుంటాను, నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నా ప్రాణాలు, ఎదుటివాళ్ళ ప్రాణాలు రోజుకు పది గంటలు ఆ బ్రేకు మీదే ఆధారపడి ఉంటాయి. మా ఆయన లారీల కంపెనీలో పని మీద నెలకు ఇరవై రోజులు ఊళ్ళు తిరుగుతాడు. మాకొక కూతురు, నాలుగేళ్ళది, ఇంట్లో అందరం పిడుగు అనే పిలుస్తాం. నేను పనికి వెళ్ళేటప్పుడు దాన్ని రెండు వీధుల అవతల ఉన్న మా అమ్మ దగ్గర దింపి వెళ్తాను. నాన్న దానితోనూ అంతే. గదికి ఈ చివర ఆయన, ఆ చివర అది, మధ్యలో బంతి అటూ ఇటూ దొర్లుతూ ఉంటుంది. ఆట అయ్యాక బంతిని సబ్బుతో కడిగి పెడతాడు.

రెండేళ్ళ కిందట, సరిగ్గా సీటు బెల్టు రాసే చోట నా మెడ మీద దురద మొదలైంది. దురద కాస్తా చిన్న చిన్న నీటిపొక్కులయింది. అవి చిట్లి, పచ్చిగా, అడ్డదిడ్డంగా చీలికలు పడేవి. ఆరినట్టే ఆరి, ఒక ఎండ రోజు రాగానే మళ్ళీ లేచేవి. మందుల షాపు అతను కళ్ళజోడు పైకెత్తి చూసి "తామర" అన్నాడు. అతను ఇచ్చిన పూత వారంలో తగ్గించింది. మూడో వారం రెట్టింపై వచ్చింది. ఒక డాక్టరు ఇంకో పూత రాశాడు. ఏడాదిన్నరలో ఎనిమిది రకాల ట్యూబులు పిండాను. మెడ మీది చర్మం ఉల్లిపొరలా పల్చబడింది. తర్వాత చంకల్లో కూడా వచ్చింది. స్టీరింగు సరిచేయడానికి చెయ్యి చాపితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. వాసన కూడా వచ్చేది. అది రాయడానికి చేతులు రావడం లేదు, కానీ వచ్చేది. ఒక ఆవిడ మూడో క్లాసు తర్వాత ఆఫీసులో "నాకు వేరే టీచర్ని ఇవ్వండి" అని అడిగింది. కారణం చెప్పలేదు. ఆ రోజు నేను కారు అద్దాలన్నీ దించుకుని ఇంటికి వచ్చాను.

దాచుకోవడానికి మెడకు స్కార్ఫు కట్టుకోవడం మొదలుపెట్టాను. ఒక మధ్యాహ్నం అమ్మావాళ్ళింట్లో ఉక్క భరించలేక దాన్ని విప్పాను. పిడుగు దొర్లించిన బంతి నాన్న చేతిలో ఆగిపోయింది. ఆయన నా మెడ వైపే చూస్తున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"ఏడాది దాటింది. తామరట."

"చంకల్లో కూడానా?"

చంకల సంగతి నేను మా ఆయనకు కూడా చెప్పలేదు. ఈయనకెలా తెలుసు అని ఆ క్షణం తట్టలేదు నాకు. అవునన్నాను.

"పాపను దగ్గర పడుకోబెట్టుకోకు. తువ్వాలు, సబ్బు వేరు పెట్టు. నీ బట్టలు విడిగా మరగబెట్టు. వింటున్నావా తల్లీ? ఎత్తుకోకు దాన్ని."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఈ ఇంట్లో మనుషుల్ని దూరం పెట్టడం తప్ప ఇంకేమీ రాదా నాన్నా? నన్ను పెంచినట్టు దాన్ని పెంచమంటావా?" అని అరిచాను. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి, పెరటి తలుపు వైపు చూసి ఆగిపోయింది.

అరిచానే గాని, భయం ఊరుకోనిస్తుందా? ఆ సాయంత్రమే కొత్త తువ్వాలు కొన్నాను. పిడుగుకు నా మెడ పట్టుకుని వేలాడటం అలవాటు. "మెడ వద్దు, చెయ్యి పట్టుకో" అన్నాను. తర్వాత చెయ్యి కూడా వద్దన్నాను. మంచం మీద మా ఇద్దరి మధ్య దిండు పెట్టాను. అది నిద్రలో దిండు దాటి వస్తే నేను లేచి కింద పడుకునేదాన్ని. రోజూ స్నానం చేయించేటప్పుడు చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని, దాని మెడ, చంకలు, తొడల సందులు వెతికేదాన్ని. దోమ కుట్టిన గుర్తు కనబడినా దాన్నే పదే పదే చూసుకునేదాన్ని. నెల తిరక్కుండానే అది మా అమ్మను అడిగిందట, "అమ్మకు నేనంటే కోపమా?" అని.

ఆ మాట విన్నాక ఇక ఆగలేకపోయాను. చర్మానికే ప్రత్యేకమైన డాక్టరమ్మ ఒకావిడ ఉందని తెలిసి వెళ్ళాను. బక్కపల్చని మనిషి, ముక్కు మీద కోపం. నా మెడ చూసి, చంకలు చూసి, నా సంచిలోని ట్యూబులన్నీ బల్ల మీద వరసగా పెట్టించింది.

"ఇవన్నీ చెత్తబుట్టలో పడెయ్. ఇది తామర కాదు."

"మరేంటి మేడమ్?"

"ముక్క తీసి పరీక్ష చేయిస్తే గాని చెప్పను. ఊహించి చెప్పేవాళ్ళ దగ్గరికి ఇప్పటిదాకా వెళ్ళావుగా."

బియ్యపు గింజంత చర్మం తీసి, ఒక కుట్టు వేసింది. ఫలితానికి పది రోజులన్నారు. ఆ పది రోజుల్లో ఫోనులో వెతికి నాకు లేని జబ్బు లేదు. ఎర్ర లైటు దగ్గర ఒక కుర్రాడు ఆపకుండా పోతుంటే, బ్రేకు తొక్కాల్సిన నేను ఒక్క క్షణం ఆలస్యంగా తొక్కాను. నేనే భయపడి మర్నాడు సెలవు పెట్టాను.

పదకొండో రోజు డాక్టరమ్మ కాగితం చదివి, నాకు అర్థమయ్యేలా చెప్పింది. చర్మంలో కణాలు గోడలో ఇటుకల్లా ఉంటాయట. నా గోడలో ఇటుకలు బాగానే ఉన్నాయి, మధ్యలో సిమెంటే సరిగా లేదు. వేడి, చెమట, రాపిడి తగిలితే ఇటుకలు విడిపోయి నీరు చేరుతుంది. దీని పేరు హెయిలీ-హెయిలీ. దీన్ని కనిపెట్టింది ఇద్దరు అన్నదమ్ములట, అందుకే ఒకే ఇంటిపేరు రెండుసార్లు. అన్నదమ్ములు కొట్టుకోకుండా చెరిసగం పంచుకున్నది లోకంలో ఇదొక్కటే కాబోలు అనిపించింది, కాని నవ్వు రాలేదు.

"అంటుకుంటుందా?" అన్నాను.

"అంటుకోదు."

"ఒకే తువ్వాలు వాడితే?"

"అంటుకోదు."

"ముద్దు పెట్టుకుంటే? పక్కలో పడుకుంటే? మెడ పట్టుకుంటే?"

"అంటుకోదమ్మా. ఇంకోసారి అడిగావంటే ఫీజు రెండింతలు చేస్తాను."

ఆ గదిలో అలాగే కూర్చుని ఏడ్చాను. ఆవిడ నన్ను ఏడవనిచ్చి, తర్వాత మిగిలింది చెప్పింది. ఇది అంటుకోదు, వంశంలో వస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ రావడం, రాకపోవడం సగానికి సగం. చిన్నతనంలో కనబడదు. ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై ఏళ్ళప్పుడు బయటపడుతుంది. పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది. విడవకుండా చూసుకుంటే పనీపాటా చేసుకుంటూ బతకొచ్చు.

"మీ ఇంట్లో ఎవరికుంది? అమ్మకా, నాన్నకా?"

"ఎవరికీ లేదు."

"అలా జరగడం చాలా అరుదు. వెళ్ళి అడుగు. మందుల కోసం కాదు, మీ ఇంట్లో ఇంకెవరో నీలాగే తామర మందు పూసుకుంటూ ఉంటారు, వాళ్ళ కోసం."

ఆ రాత్రి నుంచే దిండు తీసేశాను. పిడుగు నన్ను అతుక్కుని పడుకుంది. భయం మాత్రం పోలేదు. చోటు మార్చిందంతే. అంతకుముందు నేను ముట్టుకుంటే వస్తుందని భయం. ఇప్పుడు, ముట్టుకున్నా ముట్టుకోకపోయినా నాలుగేళ్ళ కిందటే ఇచ్చేశానేమో అని భయం. దాని నున్నటి మెడ చూస్తూ సగానికి సగం, సగానికి సగం అనుకుంటూ పడుకున్నాను.

వైద్యం మొదలైంది. పొద్దున ఒక మాత్ర. పాత ట్యూబుల్లా కాకుండా, పలచగా, లెక్కగా పది రోజులే పూయాల్సిన పూత. మరకలు పడే ఊదారంగు నీళ్ళలో గుడ్డ తడిపి అద్దుకోవడం. స్నానం అయ్యాక తువ్వాలుతో రుద్దకుండా, జుట్టు ఆరబెట్టుకునే యంత్రం చల్లగాలికి పెట్టి మెడా చంకలూ ఆరబెట్టుకోవడం. వదులు చొక్కాలు, మెత్తటి నూలు. సీటు బెల్టుకు పాత చొక్కా గుడ్డతో తొడుగు కుట్టుకున్నాను. అప్పటికీ లొంగకపోతే చెమట పట్టకుండా సూది మందు ఉందని డాక్టరమ్మ చెప్పింది. మూడు వారాల్లో మెడ మీది చీలికలు మూసుకున్నాయి. ఎన్నో నెలల తర్వాత మొదటిసారి స్కార్ఫు లేకుండా పనికి వెళ్ళాను.

అమ్మావాళ్ళింటికి వెళ్ళి ఇద్దర్నీ కూర్చోబెట్టి అడిగాను. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న నేల వైపు చూశాడు.

"మా వైపు ఎవరికీ లేదు" అన్నాడు గబగబా.

"మా వైపు కూడా లేదు" అంది అమ్మ. పొయ్యి మీద ఏమీ లేకపోయినా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం మా మేనత్తకు ఫోన్ చేశాను. నాన్నకు పదేళ్ళు పెద్ద ఆవిడ, చెవులు కాస్త దెబ్బతిన్నాయి గాని జ్ఞాపకం చెక్కుచెదరలేదు. నేను మెడ, పొక్కులు అనగానే, "ఓసినీ, అవి మా అమ్మకుండేవిగా!" అంది. "ఎండాకాలం వస్తే మెడంతా రేగిపోయేది. గుడ్డ చుట్టుకుని, ఎవరైనా అడిగితే గొంతునొప్పి అనేది. నాకు తెలుసు, నేనేగా మందు రాసేదాన్ని."

"మరి నాన్నకు తెలీదా అత్తా?"

"వాడికెలా తెలుస్తుంది? ఎనిమిదో ఏట హాస్టల్లో వేశారు. వాడికి పన్నెండేళ్ళప్పుడు అమ్మ పోయింది. వాడంటే అమ్మకు ప్రాణం. ఆ పుళ్ళతోనే ఆరేళ్ళు వచ్చేదాకా వాణ్ణి చంకనేసుకుని తిరిగింది. దింపమ్మా అంటే వినేది కాదు."

అత్తకు ఈ జబ్బు లేదు. నాయనమ్మకు ఉంది, నాకు ఉంది. మధ్యలో ఉన్నది ఒక్కరే. పై గుండీ దాకా పెట్టుకున్న ఆ చొక్కా కళ్ళ ముందు కనబడింది. వేరు సబ్బు, వేరు తువ్వాలు, "చంకల్లో కూడానా" అన్న ఆ ప్రశ్న, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. అత్త "హలో, హలో" అంటోంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. నాన్న పెరట్లో ఒంటరిగా తన బట్టలు పిండుతున్నాడు.

"నాన్నా, నీకూ ఉంది కదూ?"

పిండుతున్న చొక్కాను ఇంకా ఇంకా పిండుతూనే ఉన్నాడు, నీళ్ళు కారడం ఆగిపోయినా. చివరికి దాన్ని బకెట్టులో వేసి, పై గుండీ విప్పాడు. ముప్పై నాలుగేళ్ళ మచ్చలు ఒకదాని మీద ఒకటి పడి, ఆయన మెడ నల్లగా, మొద్దుగా ఉంది. ఒక పక్క పచ్చిగా ఉంది. అప్పుడు కూడా ఆయన నా నుంచి రెండడుగులు వెనక్కి జరిగాడు.

"నీకు నేనే అంటించాను తల్లీ" అన్నాడు.

అమ్మ నన్ను కడుపుతో ఉన్నప్పుడు, లాండ్రీలో ఒక తడి సంచి పగిలి ఆయన మెడ మీద, భుజాల మీద పడిందట. అది ఏ వార్డు సంచో కూడా తెలీదు. పదిహేను రోజులకు మెడ మీద పొక్కులు లేచాయి. ఆ దుప్పట్ల నుంచే తెచ్చుకున్నాననుకున్నాడు. పైవాళ్ళకు చెబితే, అంటురోగం ఉన్నవాణ్ణి రోగుల దుప్పట్లు ముట్టుకోనిస్తారా, ఆ పూటే ఇంటికి పంపేస్తారు. అందుకని నోరు మూసుకుని, తనకు తెలిసిన పద్ధతినే ఇంటికి తెచ్చాడు. తాను మాసిన వైపు. మేము ఉతికిన వైపు. అమ్మకు ఒట్టు వేయించాడు. అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో నాకు ఎందుకు లేరో ఆ పెరట్లో అర్థమైంది.

"ఇది అంటుకోదు నాన్నా. డాక్టరు చెప్పింది."

"డాక్టర్లు మాసిన వైపు ఎప్పుడైనా వచ్చారా? వాళ్ళకేం తెలుసు?"

ఎంత చెప్పినా చెవిన వేసుకోలేదు. అమ్మ గుమ్మంలోకి వచ్చింది. మా అమ్మ గొంతు పెంచగా నేను వినడం అదే మొదలు. "ముప్పై నాలుగేళ్ళు మీ మాట విని నోరు కుట్టుకున్నాను. అది ఏడుస్తుంటే మీరు చూస్తూ నిలబడితే, నేనూ నిలబడ్డాను. ఇక నా వల్ల కాదు. చొక్కా వేసుకోండి, పదండి."

డాక్టరమ్మ గదిలో నాన్న కుర్చీ మీద తన చేతిరుమాలు పరిచి, దాని అంచున కూర్చున్నాడు. ఆవిడ అది చూసింది. మెడ చూసింది, చంకలు చూసింది. చూశాక చేతి తొడుగులు తీసేసి, కడుక్కుని, ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. నాన్న లాక్కోబోయాడు. ఆవిడ వదల్లేదు.

"మీ ఆవిడ ఇన్నేళ్ళు మీతోనే ఉన్నారుగా. ఆవిడకు వచ్చిందా?"

"లేదండీ. నేను జాగ్రత్తగా ఉన్నాను."

"లాండ్రీలో మీ పక్కన పనిచేసినవాళ్ళకు?"

"లేదండీ. జాగ్రత్తగా ఉన్నాను."

"అంత జాగ్రత్తగా ఉంటే ఈ అమ్మాయికెలా వచ్చింది మరి?"

నాన్న తల దించుకున్నాడు.

"ఒక్కసారి తప్పు చేశానండీ. దానికి ఆరేళ్ళు. బడి బస్సు దిగేసరికి వాన. నడుస్తూ నడుస్తూనే కునికిపాట్లు పడుతోంది. దాని జోళ్ళు బురదలో కూరుకుపోయాయి. చుట్టూ ఎవరూ లేరు. ఎత్తుకున్నాను. ఇంటిదాకా, పావుగంట ఉంటుందేమో. మెడ మీద తల పెట్టుకుని నిద్రపోయింది. దింపెయ్యాలని తెలుసండీ. దింపబుద్ధి కాలేదు. ఆ రోజే అంటుకుని ఉంటుంది."

నాకు ఆ వాన గుర్తు లేదు. నిద్రపోయానుగా. నా బతుకులో నాన్న నన్ను ఎత్తుకున్న ఆ ఒక్క పావుగంటా నేను నిద్రలో ఉన్నాను. ఆయన మాత్రం ఇరవై ఏడేళ్ళుగా దాన్ని నేరంలా మోస్తున్నాడు.

డాక్టరమ్మ కోపిష్టిదని చెప్పాను కదా. ఆ రోజు ఆవిడ గొంతులో కోపం లేదు. "అది ఆ రోజు రాలేదండీ. మీ అమ్మాయి పుట్టకముందే వచ్చింది. మీకు మీ అమ్మగారి నుంచి వచ్చినట్టే."

"మా అమ్మకు లేదే" అన్నాడు నాన్న.

నేను అత్త చెప్పింది చెప్పాను. గుడ్డ చుట్టుకోవడం, గొంతునొప్పి అనడం, అన్నీ. ఆరేళ్ళు వచ్చేదాకా చంకనేసుకుని తిరిగిందన్నది కూడా చెప్పాను. నాన్న నా మొహంలోకి చూస్తూ విన్నాడు. అమ్మ జబ్బు కన్నా ఆ చివరి మాటే ఆయనకు ఎక్కువ తగిలింది.

"అయితే నేను దీన్ని రోజూ ఎత్తుకున్నా ఏమీ అయ్యేది కాదా?" అని అడిగాడు.

"ఏమీ అయ్యేది కాదు."

"దూరంగా ఉన్నందుకు ఏమన్నా లాభం…?"

డాక్టరమ్మ కాగితం మీద మందులు రాయడం మొదలుపెట్టింది. నాకు రాసినవే, ఆయన వయసుకు కాస్త తగ్గించి. అమ్మ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది. ఇన్నేళ్ళు పెంచుకున్న నా కోపాన్ని ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. ఈ మనిషి మీద పెట్టలేను. ఎవరి మీదా పెట్టలేను.

ఇంటికి వచ్చేసరికి పక్కింటావిడ దగ్గర ఉంచిన పిడుగు పరుగెత్తుకు వచ్చింది. నా దగ్గరికి దూకి, అమ్మ దగ్గరికి దూకి, నాన్న ముందుకు వచ్చేసరికి రెండడుగుల దూరంలో టక్కున ఆగిపోయింది. దానికెవరూ నేర్పలేదు. ఆయన చుట్టూ ఎంత జాగా వదలాలో దాని కాళ్ళకే తెలుసు.

నాన్న అది చూశాడు. "ఇలా రా" అన్నాడు.

అది నా వైపు చూసింది, వెళ్ళొచ్చా అన్నట్టు. తలూపాను. ఒక అడుగు వేసింది. నాన్న వంగాడు. తడిసిన దుప్పట్ల సంచులు ఒంటిచేత్తో ఎత్తిన మనిషి, నాలుగేళ్ళ పిల్లను ఎక్కడ పట్టుకోవాలో తెలియక రెండు చేతులూ గాల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"తాతా, నీకు రాదా?" అంది పిడుగు. ఆయన చేతులు తనే తీసుకుని తన చంకల కింద పెట్టుకుంది. "ఇప్పుడు ఎత్తు."

ఎత్తాడు. అది వెంటనే తన అలవాటు ప్రకారం ఆయన మెడ చుట్టూ చేతులు బిగించేసింది, సరిగ్గా ఆ పచ్చిగా ఉన్న చోటే. నాన్న మొహం ముడుచుకుపోయింది.

"నొప్పా నాన్నా? దించెయ్."

"నొప్పే" అన్నాడు. దించలేదు.

నాకు ఏడుపు వచ్చింది. ఆయన భుజం మీది నుంచి కనబడుతున్న ఆ పసి మెడను చూసి భయం వచ్చింది. చెప్పడానికి సిగ్గెందుకు, నా కూతుర్ని చూసి నాకు కుళ్ళు కూడా వచ్చింది.

నాన్న పిల్లను ఎత్తుకునే నా వైపు తిరిగాడు. ఏదో అడగబోతున్నవాడిలా నన్ను కిందనుంచి పైదాకా చూశాడు.

"నువ్వెప్పుడు ఇంత పెద్దదానివి అయిపోయావు తల్లీ?" అన్నాడు.